అమ్మ కాల్చిన కవర్లు

చలి మొదలైనప్పటి నుంచి తెల్లవారేసరికి మా అల్వాల్ ఫ్లాటు బాల్కనీలోకి ఒక వాసన వస్తోంది. వెనకవైపు ఖాళీ జాగాలో మా వాచ్‌మన్ భార్య ఎండుటాకులు పోగుచేసి, మంట త్వరగా అందుకోవడానికి వాటి మధ్య పాల కవర్లూ నూనె కవర్లూ కుక్కి చలి కాచుకుంటుంది. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళు విసుక్కుంటూ కిటికీలు వేసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా సరే, ముందుగా గుర్తొచ్చేవి పొగలు కక్కే వేణ్ణీళ్ళు, ఆ వెంటనే మా అమ్మ. ఆ తరవాతే భయం వేస్తుంది. నా ఈడువాళ్ళకైతే ఈ మాట అర్థమవుతుంది గానీ, గోడకున్న మీట నొక్కితే వేడినీళ్ళు వచ్చే ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఎలా చెప్పను?

మా నాన్న వ్యాపారం కోసం గుంటూరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, బోయిగూడలో ఒక ఇరుకు సందులో ఇల్లు తీసుకున్నారు. ఆ ఇంటి పెరట్లో రేకుల కింద, స్నానాల గదిని ఆనుకుని రాగి బాయిలర్ ఉండేది. నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు, కిందుగా ఒక కుళాయి. అమ్మ అందరికంటే ముందు లేచి కొబ్బరి చిప్పలో, వేరుశెనగ తొక్కలో, వడ్రంగి దుకాణం నుంచి తెచ్చుకున్న చెక్కపేళ్ళో వేసి దాన్ని రాజేసేది. బియ్యం కడిగిన నీళ్ళూ కూరల తొక్కలూ సందులో తిరిగే ఎర్రావుకి, బాయిలర్ బూడిద అంట్లు తోమడానికి, అంట్లు కడిగిన నీళ్ళు పెరట్లో అరటిచెట్టుకి, ఇలా మా ఇంట్లో పనికిరానిదంటూ ఉండేది కాదు. ఇదే సంగతిని ఇప్పుడు సభలు పెట్టి, తెర మీద బొమ్మలు వేసి చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. మా అమ్మ దానికి ఏ పేరూ పెట్టలేదు, ఇల్లు నడపడమంటే అంతే అనుకునేది.

నేను కాలేజీలో చేరిన రోజుల్లో అనుకుంటా, పాలు సీసాల్లోంచి కవర్లలోకి మారాయి. వెనకే నూనె, ఆ వెనకే పప్పులూ కూరలూ కూడా కవర్లలోనే రావడం మొదలైంది. అమ్మ వాటినీ వదల్లేదు. కడిగి, బట్టలతోపాటు దండెం మీద ఆరేసి, మడతపెట్టి దాచేది. నాన్న వేళాకోళం చేసినా పట్టించుకునేది కాదు. సందులో మిగతావాళ్ళు మిగిలిన అన్నం కవర్లో మూటకట్టి మోరీ, అదే మురుక్కాలవ, పక్కన విసిరేసేవారు. ఒకనాడు మా ఎర్రావు సందు మలుపులో కడుపుబ్బి పడిపోయింది, పశువుల డాక్టరు వచ్చేలోపే ప్రాణం పోయింది. తీసుకుపోయినవాళ్ళు కోసి చూస్తే కడుపునిండా కవర్లేనని మరునాడు సందంతా చెప్పుకున్నారు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. మన ఇంటి కవరు ఒక్కటి కూడా ఇక వీధిలోకి పోకూడదని మాతో గట్టిగా చెప్పింది.

అయితే ఆ ఇరుకింట్లో ఎన్నని దాస్తుంది? ఎదురుగా బాయిలర్ ఉండనే ఉంది. ఒక్క నూనె కవరు వేస్తే కిరసనాయిలు చుక్క అక్కర్లేకుండా మంట భగ్గున లేచేది, ఏ ఆవూ తినకుండా, ఏ మోరీకీ అడ్డుపడకుండా కవరు మాయమయ్యేది. అమ్మకు అంతకంటే ఏం కావాలి? ఇరుగుపొరుగుల కవర్లు కూడా అడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. వానాకాలంలో మోరీ పొంగకపోతే అది తన బాయిలర్ చలవేనని మురిసిపోయేది. బూడిద జల్లెడ పడితే నల్లటి గట్టి పూసలు మిగిలేవి. వాటిని ఏరి పారేసి, ఆ బూడిదతోనే మా కంచాలు తోమేది. రేకుల కింద నల్లటి పొగ సుడులు తిరుగుతుంటే, అందులోనే కూర్చుని ఒక్కొక్కరికీ బకెట్టు నింపేది. ఆ కొంగు నిండా అదే వాసన. తడి మొహం ఆ కొంగుకే తుడుచుకుని బస్సుకు పరుగెత్తే నాకు అది ఇంటి వాసన.

పక్కింటి పెద్దమ్మ ఒక్కర్తే ఒకసారి గోడ మీదుగా అడిగింది. వాళ్ళు తరతరాలుగా ఆ సందువాళ్ళే.

"ఏంది చెల్లె, పొద్దుగాల లేస్తే గీ పొగేంది? మా పోరడు దగ్గి దగ్గి పరేషాన్ అయితుండు. గా కవర్లు సుత కాలవెట్టాల్నా?"

అమ్మ నొచ్చుకుంది. "మోరీలో వేస్తే ఆవులు తింటాయి కదా అక్కయ్యగారూ, కాల్చేస్తే పీడ విరగడవుతుంది. పొగ కాసేపే కదండీ" అంది.

ఎర్రావు సంగతి పెద్దమ్మకూ గుర్తే, పాపం తలూపి లోపలికి వెళ్ళిపోయింది. నిజానికి కవర్లను ఏం చేయాలో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

నాకు ఉద్యోగం వచ్చిన కొన్నాళ్ళకు అమ్మకు దగ్గు పట్టుకుంది. చలి అన్నాం, పడిశం అన్నాం, నాన్న ఆవకాయ మీదకు నెట్టారు. ఆయాసంతో జడ కూడా అల్లుకోలేని స్థితి వచ్చాక డాక్టరుకు చూపించాం. ఇంట్లో ఎవరైనా సిగరెట్లు తాగుతారా అని అడిగాడు, లేదన్నాం. కట్టెల పొయ్యి మీద వంటా అని అడిగాడు, గ్యాసేనండీ అని అమ్మ కాస్త గర్వంగానే చెప్పింది. బాయిలర్ సంగతి మాకెవరికీ తట్టలేదు, అది స్నానాలకు కదా. మందుల సంచీతో ఇంటికొచ్చి, మరునాడు పొద్దున్నే అమ్మ ఎప్పటిలాగే కవరు వెలిగించింది.

మరుసటి చలికాలం దగ్గుతెర వచ్చి ఆ బాయిలర్ ముందే కూలబడింది. మా కేకలు విని పరుగెత్తుకొచ్చిన పెద్దమ్మ మాతోపాటే ఆస్పత్రికి వచ్చింది. డాక్టరు మళ్ళీ అవే ప్రశ్నలు వేస్తుంటే ఉండబట్టలేక, "డాక్టర్ సాబ్, గీమె రోజు పొద్దుగాల ప్లాస్టిక్ కాలవెట్టి గా పొగల్నే కూసుంటది" అంది. డాక్టరు కలం పక్కన పెట్టి అమ్మ వైపు చూశాడు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయనీ, ఆ పొగ కూడా కారణమై ఉంటుందనీ, ఇక మందులు బాధ తగ్గించడానికేననీ నాన్నను బయటికి పిలిచి చెప్పాడు. నాన్న ఆ వారమే బాయిలర్ అమ్మేసి గీజరు పెట్టించారు.

మంచం పట్టాక కూడా అమ్మకు కవర్ల దిగులే. ఏం చేస్తున్నారని ఎగశ్వాసలో అడిగేది. ఎవరో తీసుకెళ్తున్నారని మేం అబద్ధం చెబితే నమ్మేది కాదు. కడిగినవి తన దగ్గరికే తెప్పించుకుని, మంచం మీదే మడతపెట్టి, కింద గోనెసంచీలో వేయించేది. అమ్మ పోయాక ఆ సంచీని ఏం చేయాలో తోచలేదు. కాల్చలేం, పారేయలేం. నాన్న అటకెక్కించారు, ఆయన తరవాత అది నాతో అల్వాల్ వచ్చింది. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి తీసుకెళ్ళే ఆటో మా వీధికి వచ్చిన కొత్తల్లో దాన్ని దించి ఇచ్చాను. ఆ మనిషి సంచీని తేలిగ్గా ఆటోలోకి విసిరి ముందుకు పోతే, నేను గేటు పట్టుకుని ఏడ్చాను. అమ్మ అన్నాళ్ళూ ఎదురుచూసింది ఈ బండి కోసమే కదా అనిపించింది.

ఈ పొద్దున ఉండబట్టలేక కిందికి దిగాను. కవర్లు కాల్చవద్దనీ, ఆ పొగ మంచిది కాదనీ మెల్లగా చెప్పాను.

"చలి బాగున్నదమ్మా, జెర సేపే" అంది వాచ్‌మన్ భార్య. "ఊకె పడేస్తే ఆవులు తింటయ్ కదా, గందుకే కాలవెడ్తున్న."

"మా అమ్మ కూడా అచ్చం ఇదే మాట అనేది" అన్నాను.

"మీ అమ్మ మంచిదమ్మా" అంది నవ్వుతూ.

మంచిదే అన్నాను. ఆ పొగే ఆవిడ ప్రాణం మీదకు తెచ్చిందని కూడా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది. పుల్లతో మంటలోంచి సగం కాలిన కవర్లను బయటికి లాగింది, అవి చల్లారాక మిగిలినవాటితోపాటు నా చేతికిచ్చింది. ఇకమీద వాటిని దాచి ఉంచితే ఆటోకు నేనే ఇస్తానన్నాను, సరేనంది.

ఆ పాల సీసాలు పోయాయి, ఎర్రావు పోయింది, కొబ్బరి చిప్పలతో రాజుకునే బాయిలరూ పోయింది. ఆ రోజుల్లో ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు మట్టిలో కలిసేది. ఇదీ అంతేననుకుని అమ్మ కవర్నీ బూడిద చేయబోయింది. చెత్త బండి ఇప్పుడు రోజూ పాట పెట్టుకుని మరీ వస్తోంది, కాస్త ముందుగా వచ్చి ఉంటే ఏం పోయేదని ఎవరిని అడగను? పైకి వచ్చి, సబ్బుతో చేతులు కడుక్కోబోతూ, ఒక్కసారి ఆ చేతుల్నే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అమ్మ కొంగు వాసనే.