పచ్చి బీటా పార్జియో

ఇండోనేషియాలోని జోగ్జా ఊళ్లో, రైల్వే స్టేషన్ వెనక సందులో, సుమియెమ్ కాఫీ బండి పక్కన బైక్ ఆపుకుని సవారీల కోసం ఎదురుచూసే పార్జియోకి బొటనవేలు ఒక్కచోట నిలవదు. పేరు నమోదు చేసుకున్న డెవలపర్లు పరీక్షించుకోవాల్సిన పచ్చి బీటాని, అంటే ఫోన్ సాఫ్ట్‌వేర్ ఇంకా కుదురుకోని కొత్త కూర్పుని, దొడ్డిదారి వెతికి మరీ తన ఫోన్లో దించుతాడు. కాఫీ చల్లారిపోతున్నా స్క్రీన్ తుడుచుకుంటూ మురిసిపోతాడు. ఇవాళ ఆ బీటా దెబ్బకి సవారీలిచ్చే యాప్ తెరుచుకోనేలేదు. సాయంత్రానికి ఇంట్లో పసిదానికి పాలడబ్బా కొనాలి.

"స్క్రీన్ మీద గడియారం ఎంత ముద్దుగా మారిందో చూడండి, ఇబూ," అన్నాడు, అక్కడ పెద్దావిడల్ని 'అమ్మా' అని పిలిచే మాటతో.

"దాన్నే నీళ్లలో కలిపి పట్టు పిల్లకి," అంది సుమియెమ్. బండి పక్కింటావిడకి అప్పగించి, విసురుగా బైకెక్కి కూర్చుంది. "బజారుకి పద. ఎంతిమ్మంటావు?"

పార్జియో అలవాటుగా ఫోన్ వంక చూశాడు. ఇన్నేళ్లూ కిరాయి అదే చెప్పేది.

"మీరే చెప్పండి, ఇబూ."

"పది వేల రుపియాలు."

"సరే."

"సరే ఏంట్రా? పెట్రోలు మీ అత్తగారు పోస్తుందా? ఇంకా అడుగు."

"ఇంకొంచెం ఇవ్వండి."

"ఇవ్వను."

"సరే."

సుమియెమ్ తల పట్టుకుంది. బజారు చేరేలోపు అతని తరఫు బేరం కూడా తానే ఆడి, సరిగ్గా పాలడబ్బా ధర దగ్గర ఓడిపోయింది.