జైపాల్ పెట్టే బ్రాకెట్లు

కోరుట్లలోని ఇంటి ముందుగదిలో లుంగీ, బనీను మీదే కూర్చుని జైపాల్ ఎక్కడి కంపెనీకో డేటాబేస్ బాగుచేస్తుంటాడు. వ్యూ పేరుతో దాచిన క్వెరీని, అంటే సమాచారం అడిగే ప్రశ్నను, ఆ డేటాబేస్ తన మాటల్లో తిరిగి రాస్తుంది. రాస్తూ బ్రాకెట్లు వదిలేస్తే అడిగింది ఒకటి, అర్థమయ్యేది ఇంకొకటి. జైపాల్ పెదవి కొరుక్కుంటూ, తెరను వేలితో తడుముతూ వాటిని మళ్లీ పెడతాడు. "చెప్పింది చెప్పినట్టు రాయనీకి దీనికేం రోగం?" అని తిట్టుకుంటాడు కూడా.

ఇంతలో మస్కట్ నుంచి అన్న గంగాధర్ ఫోన్ చేశాడు. జైపాల్ స్పీకర్ పెట్టాడు. తల్లి దుర్గవ్వకు చెవులు వినపడవు. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేర్చేది జైపాలే.

"కంపెనీ మూసిండ్రు తమ్మీ. దోస్తుల రూముల పడున్న. అవ్వకు జెప్పు."

జైపాల్ తల్లి చెవి దగ్గర వంగి అరిచాడు. "అన్నకు కొత్త రూము దొరికిందటనే! దోస్తులతోని మంచిగున్నడట!"

"నాకు పాణం బాగుంటలేదు, మంచంల పడ్డ. ఒక్కసారి చూసి పొమ్మను," అంది దుర్గవ్వ.

"అవ్వ మంచంల పండుకున్నదన్నా. నిన్ను యాది జేస్తున్నది," అన్నాడు జైపాల్ ఫోన్లో.

ఫోన్ పెట్టేశాక దుర్గవ్వ, జైపాల్ భార్య శైలజ వైపు తిరిగి, "నా కొడుకు ఒక్క మాట గూడ అటిటు కానియ్యడు," అని మురిసిపోయింది. అంతా విన్న శైలజ తల వంచుకుంది.

డేటాబేస్ వదిలేసిన ఇంకో బ్రాకెట్టు కనపడగానే జైపాల్‌కు మళ్లీ కోపం వచ్చింది.