ఎనిమిది మూళ్లు, చివర ఒకటి

మా మేనకోడలి బడిలో జరిగిన లెక్కల ప్రదర్శన గురించి రాయగడలో మా వీధివాళ్లు తలకిందులుగా చెప్పుకుంటున్నారు. మేనత్త మాట నమ్మి పిల్ల పరువు పోగొట్టుకుందట. అందుకే జరిగింది జరిగినట్టు రాసి ఉంచుతున్నాను.

నేను బట్టలు కుడతాను. బడి చదువు పదితో ఆగింది. తక్కినదంతా లైబ్రరీలో సంపాదించుకున్నదే. అక్కడి ఒడియా లెక్కల పుస్తకంలో ఒక వరస కనిపించింది. 31 ప్రధాన సంఖ్య: ఒకటితో, తనతో తప్ప దేనితోనూ శేషం లేకుండా తెగదు. ముందు ఇంకో మూడు చేర్చి 331 చేసినా అంతే. 3331 కూడా అంతే. ఏడు మూళ్ల దాకా పుస్తకమే చూపించింది. ఎనిమిదోది నేను చేర్చాను. నాకు వచ్చిన ఎక్కాలన్నిటితో భాగించి చూశాను. తెగలేదు. ఎన్ని మూళ్లు పెట్టినా ఇంతేనని తేల్చేశాను.

ఆ మాటే మేనకోడలు చార్టు మీద పెద్దక్షరాలతో రాసింది. తెల్లవారితే ప్రదర్శన. సాయంత్రం మా ఇంట్లో సరిచూసుకుంటూ తలెత్తింది.

"అత్తా, పదిహేడు పెట్టి సూసావేటి?"

"మా నాన్న పదహారో ఎక్కంతోనే ఆపీసేడే అమ్మీ."

"నీ ఎక్కాలు అయిపోతే లెక్క అయిపోద్దేటి?"

ఒడియా బడిలో ఇరవయ్యో ఎక్కం దాకా పాటలా వల్లె వేయిస్తారు. "సతర దుయి చౌతిరిశ", అంటే పదిహేడు రెళ్లు ముప్పైనాలుగు, అని పాడుకుంటూ 333333331ని పదిహేడుతో భాగించింది. 19607843 వచ్చింది. శేషం సున్నా.

"రేపు నానెల్లను. అందరూ నవ్వుతారు," అని చార్టు చుట్టేసింది.

"చుట్టకు. ఏడు దాకా నిలిచింది, ఎనిమిదికి విరిగింది. అదే సెప్పు. అంతకన్నా మంచి సంగతి ఆ బడిలో ఎవడి దగ్గరుంటాది?"

పెద్దక్షరాలు కొట్టేసి, కింద ఎర్ర సిరాతో ఆ భాగహారం మొత్తం వేయించాను.

మర్నాడు నేనూ వెళ్లాను. న్యాయనిర్ణేతగా వచ్చిన మాస్టారు కొట్టివేత చూసి, ఈ తప్పు ఎవరిదని అడిగారు.

"మా అత్తది. భాగారం నాది," అంది పిల్ల.

ఆయన జేబులోంచి కలం తీసి, అక్కడే నిలబడి చివరిదాకా భాగించి చూసుకున్నారు. తరవాత పక్క బల్లల దగ్గరి పిల్లలందర్నీ ఆ చార్టు దగ్గరికి పిలిచారు. బహుమతి వేరే పిల్లకు వెళ్లింది. జనం మాత్రం మా బల్ల దగ్గరే ఉన్నారు.

గడువు దాటినా పుస్తకం నా దగ్గరే ఉంచుకోనిచ్చిన లైబ్రేరియన్ గారికి, కలం తీసిన మాస్టారికి, నన్ను నిలదీసిన మా అన్నయ్య కూతురికి నా కృతజ్ఞతలు.