తాళ్లు విప్పని తొట్టెల

శనివారం పొద్దున ఏడున్నరకు మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కాను. మర్నాడు మా కూతురి బిడ్డకు తొట్టెల వేడుక, అంటే ఉయ్యాలలో వేయడం. మాలో తొట్టెల తల్లిగారింటి నుంచే వెళ్లాలి. మా ఆవిడ విమల బజారులో ఇనుప తొట్టెల ఒకటి చూసిపెట్టింది. నేనే వద్దన్నాను. చేవెళ్లలో సువార్తమ్మ అనే ఆమె పచ్చి కొమ్మలు వంచి కుర్చీలు, ఉయ్యాలలు చేస్తుందని ఎవరో చెబితే, ఫోనులోనే పురమాయించాను. ఆ సంగతి వియ్యంకుల దాకా చాటుకున్నాను కూడా. ఖాళీ చేతులతో తిరిగి రావడానికి వీల్లేని ప్రయాణం.

వెళ్లదలచుకున్న వాళ్లకు ఒక మాట. పొద్దున ఊరు విడిచి వెళ్లే బస్సులో సీటు దొరుకుతుంది, సాయంత్రం వచ్చేటప్పుడు దొరకదు. నా పక్కన గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మి ఖాళీ గంపలతో ఇంటికి పోతున్న ఆమె కూర్చుంది. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"కట్టెలు వంచే సువార్తమ్మనా? కట్టెల్ని వంచుతది గని, ఆమె నోటిని వంచెటోడు ఇంక పుట్టలే సారూ!" అని నవ్వింది.

అజీజ్‌నగర్ దగ్గర ఫామ్‌హౌసుల గేట్లు వరసగా వచ్చాయి. మొయినాబాద్‌లో కాలేజీ పిల్లలు దిగిపోయాక బస్సు సగం ఖాళీ అయింది. తొమ్మిదికి చేవెళ్లలో దిగి, స్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, దారి అడుగుతూ నడిచాను.

సువార్తమ్మకు యాభై ఉంటాయేమో. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో తడి గోనెసంచుల కింద పచ్చి కొమ్మలు. ఎక్కువగా సుబాబుల్‌వి, కొన్ని వావిలివి. భర్త ఏసోబు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌసుకు రాత్రి కాపలా. కంచె చెట్లు కొట్టించినప్పుడల్లా సన్నవి ఏరి తెస్తాడు. ఆమె అక్కడే ఒక రిసార్టులో తోటపని చేస్తూ, కుర్చీలు చేయడానికి వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వాళ్లను చూసి ఈ పని నేర్చుకుందట. ఆ పొద్దున ఒక కుర్చీ వీపు వంచుతోంది. కొమ్మ లావు కొసను కాలితో తొక్కిపట్టి, బొటనవేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతూ, వదులుతూ, మళ్లీ నొక్కుతూ పోతే, నిటారు కొమ్మ విల్లులా తిరిగింది.

నా తొట్టెల తయారుగానే ఉంది. పడవలాంటి అడుగు, తల వైపు ఒకటి, కాళ్ల వైపు ఒకటి రెండు కమానులు. ఒక్కో కమాను రెండు కొసలను కలిపి నీలం నైలాను తాడు బిగించి ఉంది.

"ఈ తాళ్లు నెల దాక ఇప్పకు సారూ. మేకులున్నయ్ గని, పచ్చి కట్టెకు ఎప్పుడూ మళ్ల నిలవడాల్ననే ఉంటది. ఎండినంకనే ఆశ ఇడుస్తది" అంది. తర్వాత, "జర ఆగు, గుండు పండవెట్టి సూద్దాం" అని రుబ్బురోలు దగ్గరికి నడిచింది.

పాపను పండబెట్టే ముందు తొట్టెలలో రుబ్బుడుగుండును పండబెట్టి ఊపడం మా వాళ్ల ఆనవాయితీ. ఎవరికి తొట్టెల చేసినా ఆమె ముందే అలా చూస్తుందట. నేను గడియారం చూసుకున్నాను.

"వద్దులేమ్మా, బస్సు పోతుంది. ఇంట్లో ఎలాగూ చేస్తారు."

"నీ ఇష్టం" అంది మొహం ముడుచుకుని.

పదిన్నర బస్సులో తొట్టెలను వెనక సీటు పక్కన పెట్టి, దానికీ టికెట్టు తీసుకున్నాను. కండక్టరమ్మ ఒకసారి ఊపి చూసి, "మంచిగున్నది బాపూ" అంది. ఆ మాటతో ఉబ్బిపోయి, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడదామని ఫోటో తీశాను. నీలం తాళ్లు అడ్డంగా, అసహ్యంగా పడ్డాయి. ఒక కాలేజీ కుర్రవాడు, "తాళ్లు తీస్తే మస్తు లుక్ వస్తది అంకుల్" అన్నాడు. అతను అన్నాడని తీయలేదు. నాకే తీయాలనిపించింది. ఒక్క నిమిషమే కదా, ఫోటో అయ్యాక మళ్లీ కడతాను అనుకుని తల వైపు ముడి విప్పాను.

ఫట్‌మని మేకు ఊడి, కమాను విచ్చుకుని నా కళ్లద్దాలను ఎగరగొట్టింది. కొమ్మ నడిమికి చీలిపోయింది. బస్సంతా తిరిగి చూసింది.

మొయినాబాద్‌లో దిగి, తొట్టెలను పక్కన పెట్టుకుని ఒక హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. విమల ఫోన్ చేసి తొట్టెల చేతికొచ్చిందా అంటే, "వస్తున్నా" అని పెట్టేశాను. హోటలాయన విరిగిన కొమ్మను చూసి, "బస్ల ఇరిగిందని చెప్పు సారూ, ఎవనికి తెలుస్తది?" అన్నాడు. చేవెళ్ల తిరిగి వెళ్లే దారంతా ఆ మాటే మనసులో సాపు చేసుకున్నాను. బస్సు కుదుపు, డ్రైవరు బ్రేకు, ఇంకా పక్కవాళ్ల కాళ్లు. ఇలాంటి కథలు అల్లడం నాకు అలవాటే. ఇంట్లో ఏది పగిలినా ముందు దాన్ని అక్కడ పెట్టిందెవరని అడుగుతాను.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి సువార్తమ్మ చేతిలో పని వదిలేసి లేచింది. "ఏమైంది సారూ?"

"బస్సులో..." అన్నాను. ఆమె ఎదురుచూస్తోంది. "బస్సులో నేనే విప్పాను. ఫోటో కోసం."

"ఫోటోకా! నెల దాక అన్న, ఊరు గూడ దాటనియ్యకపోతివి! పోరగాండ్లకన్న అధ్వానం ఉన్నవ్ గదా!" ఇంకా చాలా అంది. పూలామె చెప్పింది నిజమే. తిడుతూనే చీలిన కొమ్మను ఊడబెరికింది. అరచేతి మీద తట్టింది. లేత పసుపు రంగు పొడి రాలింది.

ఆమె నోరు ఆగిపోయింది. మళ్లీ తట్టింది. మళ్లీ పొడి.

"ఇగ రాయ్యా ఇటు" అని భర్తను పిలిచింది. ఏసోబు నిద్రకళ్లతో వచ్చి చూసి, "పురుగు" అన్నాడు.

"ఇది నా తప్పు సారూ" అంది ఆమె గొంతు తగ్గించి. "నువ్వు దినాం ఫోన్ మీద ఫోన్. అంత పొడుగు పచ్చిది దొరకలే. పోయినేడు మూలకు పెట్టిన కట్టెను నానవెట్టి వంచిన. లోపల తిన్నది సూడలే."

"తాడు విప్పకపోయుంటే?"

"రేపు పాపను పండవెట్టి ఊపెటోళ్లు."

నేను గడప మీద కూలబడ్డాను. నా తప్పు వల్లే మేలు జరిగిందని ఇంటికెళ్లి గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ ఆ పుచ్చుకట్టె అందులోకి వచ్చింది నా తొందర వల్ల. గుండు పెట్టి చూడనీయంది కూడా నేనే.

ఏసోబు కత్తి తీసుకుని వాగు గట్టుకు వెళ్లాడు. ఈలోగా సువార్తమ్మ జొన్నరొట్టె, టమాటా పచ్చడి పెట్టింది. అతను తెచ్చిన కొమ్మను గోటితో గీరి పచ్చదనం చూసి, పొడుగునా తడిమి, కొస నాకిచ్చింది.

"పట్టు. గుంజకు, ఊకె పట్టు. నేను చెప్పేదాక ఇడువకు."

పట్టుకున్నాను. కొమ్మ నా చేతుల్లో నెమ్మదిగా వంగుతూ వచ్చింది. రెక్కలు నొప్పి పుట్టినా వదల్లేదు. మేకులు కొట్టి, తాడు బిగించి, "ఇగ ఇడువు" అనేసరికి మూడు దాటింది.

తర్వాత రుబ్బుడుగుండును కడిగి, చీరముక్కలో చుట్టి తెచ్చింది. తొట్టెలను షెడ్డు దూలానికి కట్టి గుండును పండబెట్టింది. కళ్లు మూసుకుని ప్రభువును తలచుకుని, "మీ తాన ఈ గుండుకు పేరు గూడ పెడ్తరట గదా?" అని నవ్వింది.

"పెడతాం."

"అయితే ఊపు, తాతా!"

ఊపాను. మెల్లగా, తర్వాత గట్టిగా. ఎక్కడా కిర్రుమనలేదు. ఆమె చాలు అన్నా ఇంకాసేపు ఊపాను. పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బరువు అప్పుడు దిగింది.

సాయంత్రం ఐదింటి బస్సులో నిలబడే చోటు దొరికింది. పొద్దుటి కండక్టరమ్మే. "మళ్ల నువ్వేనా బాపూ? ఈసారి తాళ్లు ముట్టినవనుకో, బస్సు దించేస్త" అంది. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. సీట్లో ఉన్న ఒకామె జాలిపడి తొట్టెలను తన కాళ్ల దగ్గర పెట్టించుకుంది. ఎవరో, "ఆ తాళ్లు తీసెయ్యరాదు, అందంగుంటది" అన్నారు. కుర్రవాడు కాదు, నా వయసాయనే. తీయకూడదని చెప్పి, ఎందుకో కూడా చెప్పాను. చెప్పేసరికి అజీజ్‌నగర్ వచ్చింది.

పచ్చి కొమ్మను వంచడం చూడాలంటే చేవెళ్ల వెళ్లండి. రోజంతా చేతిలో పెట్టుకుని వెళ్లండి, తిరుగు బస్సు వేళ అడక్కండి. ఆమె గుండు తెస్తానంటే తేనివ్వండి.

మెహిదీపట్నం వస్తుండగా విమల మళ్లీ ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పాను. ఫోటో దగ్గర ఆగకుండా, కుర్రవాడి మీదకు నెట్టకుండా చెప్పాను.

"గుండు పెట్టి చూసిండ్రా?" అని అడిగింది.

"చూసినం. నేనే ఊపిన."

"అయితే తీస్కరా" అంది.