పొడుగాయన కొలత

టైలరమ్మ భర్తను వీధి వీధంతా పొడుగాయన అనేది. ఏ గుమ్మం దగ్గరైనా తల వంచనిదే లోపలికి వెళ్ళలేని మనిషి. దుప్పటి మెడదాకా లాక్కుంటే పాదాలు బయటపడేవి, పాదాలు కప్పుకుంటే ఛాతీ బయటపడేది. "ఊరందరికీ బట్టలు కుట్టడానికి తీరికుంటుంది, మొగుడికో దుప్పటి కుట్టడానికి ఉండదు" అని సణుగుతూ నిద్రపోయేవాడు. రేపు కుడతాలెమ్మని ఆవిడ దాటేసేది. ఆ రేపు రాకముందే ఆయన పోయాడు. బతికుండగా ఆయన కోరుకున్న ప్రకారం మెడికల్ కాలేజీవాళ్ళు వచ్చి శరీరాన్ని తీసుకెళ్ళారు.

తర్వాత టైలరమ్మకు ఇంట్లో కాలు నిలవలేదు. కాలేజీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, పాఠాల హాల్లో శరీరాల మీద కప్పే గుడ్డలు కుట్టే పని సంపాదించింది. ఆయన ఏ బల్ల మీద ఉన్నాడో మాత్రం చెప్పరు, అది అక్కడి నియమం. చెప్పకపోతే పోనీ, అందరికీ కప్పితే ఆయనకీ కప్పినట్టే కదా అనుకుంది. వాళ్ళిచ్చిన కొలత పక్కన పడేసి, ప్రతి గుడ్డనూ పొడుగాయన కొలతకే కత్తిరించి కుట్టింది.

అప్పజెప్పిన రోజు స్టోర్‌కీపర్ "కెడావర్ షీట్లు వచ్చాయి" అని లోపలికి కేకేశాడు. ఆ మాటకు అర్థమేమిటని ఆవిడ అడిగింది. అడగడమే పాపమైంది. "పురుగులకు వదిలేసిన మాంసం అని లాటిన్లో అటమ్మా" అని చెప్పి, ఆ నోటి తీట మనిషి తన పనిలో తాను పడ్డాడు. ఆ రోజు నుంచి ఆవిడకు ముద్ద దిగలేదు. పంపడానికి తలూపింది తనే మరి.

ఒక సాయంత్రం హాల్లో పాఠాలు చెప్పే డాక్టరమ్మ, ఒక షీటు చంకన పెట్టుకుని టైలరమ్మ కొట్టుకు వచ్చింది.

"ఏంటమ్మా ఇంత పొడుగు కుట్టారు? నేలమీద జీరాడుతున్నాయి. పిల్లల కాళ్ళకు అడ్డం పడుతున్నాయి."

"తగ్గిస్తానమ్మా. ముందు ఒక్కమాట చెప్పండి. కెడావర్ అంటే పురుగులకు వదిలేసిన మాంసమా?"

డాక్టరమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఎవరు చెప్పారు మీకు? అది ఎవరో తర్వాత అల్లిన కథ. లాటిన్లో పడిపోవడం అని ఒక మాటుంది, దాన్నుంచి వచ్చింది. పడిపోయిన మనిషి, అంతే."

పడిపోయిన మనిషి. అలాగైతే టైలరమ్మకు పేచీ లేదు. పడిపోయినవాళ్ళను ఎవరూ పారెయ్యరు. గుండెల మీది బరువు దిగింది, దిగగానే ఆయన కావాలనిపించింది. ఇప్పుడే, ఇక్కడే, ఎదురుగా నిలబడి సణుగుతూ కావాలనిపించింది. కళ్ళు తుడుచుకుని కత్తెర అందుకుంది.

"అన్నీ కత్తిరించేదా అమ్మా?"

"అన్నీ పంపిస్తాను. ఆ కిటికీ పక్క బల్ల మీదిది తప్ప. దానికొక్కదానికే సరిగ్గా సరిపోయింది, కొలిచి కుట్టినట్టు."

అనేశాక, టైలరమ్మ మొహం చూశాక గానీ తానేం చెప్పిందో డాక్టరమ్మకు తెలియలేదు. టైలరమ్మ కత్తెర కింద పెట్టింది.

"రాత్రిళ్ళు ఆ కిటికీ మూస్తారా అమ్మా?" అంది. "ఆయన చలికి ఆగలేడు."