తోడల్లుడి కథకి కళ్ళజోడు

అతన్ని అందరూ అద్దాలాయన అంటారు. కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగది అతనిది. ముందుగదిలో యజమాని నవ్వుతూ ఫ్రేములు అమ్ముతుంటే, వెనక ఇతను అద్దాన్ని మిషను మీద అరగదీసి, ఫ్రేములో కూర్చోబెట్టి, ముక్కు దగ్గర వంపు సరిచేసి ఇస్తాడు. ఎవరికైనా చూపు పరీక్ష చేయాల్సివస్తే గోడ మీద అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టి, "ఇలా బాగుందా? ఇప్పుడు బాగుందా?" అని అడుగుతాడు. పొద్దుట్నించి సాయంత్రం దాకా అతను నోరు విప్పేది ఆ రెండు ముక్కలకే. నోట్లో నాలుక లేని మనిషని అత్తవారింట్లో పేరు.

కానీ ఆ మనిషి లోపల ఒక సినిమా ఆడుతూ ఉంటుంది. పదేళ్ళుగా దాన్ని రాస్తున్నాడు. గడియారాలు బాగుచేసే ఇంట్లో మూడు తరాల కథ. తాతగారి గడియారం ఆగిపోవడంతో మొదలవుతుంది. మొదలై అక్కడే ఉంటుంది కూడా, ఎందుకంటే ఆ గడియారం ఎలా ఆగిందో చెప్పడానికే ముప్ఫై పేజీలు పట్టాయి. భార్య ఎప్పుడైనా, "ఇంతకీ ఏం కథండీ?" అని అడిగితే, "నోటితో చెప్తే పోతుంది. చదవాలి," అనేవాడు. చదవమని ఆవిడకి ఇచ్చిన పాపాన మాత్రం పోలేదు.

ఏదేమైనా ఈ ఇంటికి రాసేవాడంటే తనొక్కడే అని అతనికొక ధీమా. ఆ ధీమా మీద నీళ్ళు చల్లినవాడు తోడల్లుడు.

తోడల్లుడిది డ్రైవింగ్ స్కూలు. వణికిపోతున్నవాళ్ళని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, పక్కసీట్లోంచి కబుర్లు చెప్తూనే రోడ్డెక్కించేస్తాడు. మాటల పుట్ట. ఒక ఆదివారం అత్తగారింట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి, "అన్నయ్యా, మిమ్మల్ని చూసి నేనూ ఒక కథ రాసేశాను," అన్నాడు. రాసేశాడట! అద్దాలాయనకి ముద్ద గొంతులో అడ్డం పడింది.

ఒక బస్సు డ్రైవరు భార్య, యాభై దాటిన మనిషి, మొగుడికి తెలీకుండా డ్రైవింగ్ నేర్చుకుంటుంది. చివర్లో లైసెన్సు తెచ్చుకుని, మొగుణ్ణి పక్కసీట్లో కూర్చోబెట్టుకుని వీధంతా తిప్పుతుంది. అంతే. రెండు నిమిషాల్లో చెప్పేశాడు. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. మరదలు మురిసిపోయింది. అద్దాలాయన భార్య కూడా, "ఎంత బావుంది మరిదిగారూ!" అనేసింది. ఆ ఒక్కమాటకి అద్దాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ ఉందట. డబ్బు కడితే సినిమావాళ్ళ తాలూకు మనిషి ఒకరు ఫోను తెర మీదకొచ్చి ఎనిమిది నిమిషాలు మన కథ వింటారట. విన్నాక, రాసినదంతా చదవడానికి "పంపండి" అనో "వద్దు" అనో తేల్చి చెప్తారట. తోడల్లుడు కట్టేశాడు కూడా.

"వినడానికే డబ్బు తీసుకునేవాడికి సినిమా తీయాల్సిన ఖర్మేంటయ్యా? వినడమే వాడి బేరం," అన్నాడు అద్దాలాయన. అందరూ నవ్వారు. ఏడాది మొత్తం మీద అతను వేసిన జోకు అదొక్కటే. దాని మీద వారంపాటు బతికాడు.

ఆ వారం తర్వాత తోడల్లుడు ఫోను చేశాడు. "అన్నయ్యా, పంపమన్నారు!"

అంతే, ఆ ఇంట్లో లెక్కలు మారిపోయాయి. అదివరకు పెద్దల్లుడని కూరగిన్నె ముందు ఇటు వచ్చేది. ఇప్పుడు అత్తగారు తిన్నగా అటు వెళ్తోంది. "మా చిన్నల్లుడి కథ సినిమాకి అడిగారు," అని పక్కింటావిడకి ఇతని ఎదుటే చెప్పింది. అద్దాలాయన నవ్వాడు. నవ్వలేక దవడలు నొప్పెట్టాయి. పచ్చిగా చెప్పాలంటే కుళ్ళిపోయాడు. పదేళ్ళు రాసింది తను, పది రోజుల్లో పేరు కొట్టేసింది వాడు. వాడి డ్రైవింగ్ స్కూలు కారు ఏ గుంటలోనైనా దిగబడితే బాగుండునని కూడా ఒకసారి అనుకుని, మరదలు గుర్తొచ్చి, మనుషులకేం కాకుండా దిగబడితే చాలని సవరించుకున్నాడు.

ఇక చేతులు అద్దం అరగదీస్తుంటే బుర్ర ఆ కథని అరగదీసేది. పండుగలకీ పుట్టినరోజులకీ తోడల్లుడు మళ్ళీ మళ్ళీ చెప్తూనే ఉన్నాడు. ఇతను మళ్ళీ మళ్ళీ లోపల తిడుతూనే ఉన్నాడు. అసలు ఆవిడకేం పట్టిందని నేర్చుకుంటోంది? సరదాకా? సరదాకైతే మొగుడికి తెలీకుండా ఎందుకు? వీడికి ఆ మాత్రం తట్టదా? తిట్టుకోవడం కోసమే అయినా, తన గడియారాల కథకంటే ఆ కథనే ఎక్కువ తలుచుకుంటున్నాడని అతనికి తెలీదు.

ఒకరోజు దుకాణానికి ఒక లారీ డ్రైవరు, లారీ ఓనరుకి ఇవ్వడానికి చూపు బాగుందని చీటీ కావాలంటూ భార్యతో వచ్చాడు. బోర్డు మీద అక్షరాలు గడగడా చదివేశాడు. మరీ అంత గడగడా చదివేసరికి అనుమానమొచ్చి, అద్దాలాయన బోర్డు మార్చేశాడు. ఒక్కటంటే ఒక్క అక్షరం చెప్పలేకపోయాడా మనిషి. చూపు లేదంటే పని పోతుందని, బయట బల్ల మీద కూర్చుని ముందువాళ్ళు చదువుతుంటే విని బట్టీపట్టాడు. అద్దాలాయన, ఆ డ్రైవరు భార్య వైపు చూశాడు. ఆవిడ నేల చూపులు చూస్తోంది. ఆవిడకి ముందే తెలుసు.

'ఇదీ! అందుకు నేర్చుకుంటుందా బస్సు డ్రైవరు భార్య!' అనుకున్నాడు. ఆ వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది. వాడి కథకి మరమ్మతు చేయడానికి నేనేమన్నా జీతగాణ్ణా?

ఆ మంటలోనే, తను ఎగతాళి చేసిన ఆ కంపెనీకే, భార్యకి కూడా చెప్పకుండా డబ్బు కట్టేశాడు.

యజమాని భోజనానికి వెళ్ళిన వేళ చూసుకుని, వెనకగది తలుపేసి, మిషను ఆపి, ఫోనుని లెన్సుల పెట్టెలకి ఆనించి కూర్చున్నాడు. తెర మీదకి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో టీ కప్పు. సినిమావాళ్ళ దగ్గర కథలు వినే ఉద్యోగమట. "చెప్పండి సార్," అంది.

చెప్పాడు. తాతగారి గది, కిటికీ, కిటికీలోంచి ఎండ, ఎండలో దుమ్ము. తెర మూల నిమిషాలు తరిగిపోతున్నాయి. సగం సమయం అయిపోయేసరికి తాతగారింకా మంచం దిగలేదు. ఆ అమ్మాయి మర్యాదగానే, "ఇంతకీ ఇది ఎవరి కథ సార్?" అని అడిగింది.

పదేళ్ళలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న. తాతదా? మనవడిదా? గడియారానిదా? ఏదో ఒకటి చెప్పకపోతే పరువు పోతుంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒక బస్సు డ్రైవరు భార్య ఉందమ్మా. మొగుడికి చూపు తగ్గిపోతోందని ఆవిడొక్కదానికే తెలుసు."

ఆ అమ్మాయి కప్పు పక్కన పెట్టింది. మొగుడు బోర్డు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కడం, ఆవిడ దొంగతనంగా స్టీరింగు పట్టుకోవడం, అన్నీ వరసగా వచ్చేశాయి. అడిగినదానికల్లా జవాబు నోటి దగ్గరే ఉంది. "ఇది పంపండి సార్. గడియారాలది కాదు, ఇది," అంది ఆ అమ్మాయి. తెర మూసుకుంది.

ముందు ఎగిరి గంతేశాడు. నిజంగానే గంతేశాడు, పై అరలోని ఫ్రేములు కదిలాయి. పంపమన్నారు! నన్నూ పంపమన్నారు! ఆ తర్వాత, ఏం పంపాలో గుర్తొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. దొంగతనం చేద్దామన్నా కుదరదు. ఆ కథ అత్తగారికి కూడా కంఠతా వచ్చు.

సాయంత్రం డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాడు. తోడల్లుడు కార్లోనే ఉన్నాడు, తన మామూలు పక్కసీట్లో. ఆ కారుకి అటుపక్కా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే తొక్కడానికి. అద్దాలాయన స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"తమ్ముడూ, నేనూ డబ్బు కట్టాను. ఆ ఎనిమిది నిమిషాల్లో నా కథ నోరు దాటలేదు. నీ కథ చెప్పేశాను. పంపమన్నారు."

ఆగి ఉన్న కారులోనే తోడల్లుడు బ్రేకు తొక్కేశాడు.

"ఇన్నిసార్లు విన్నారు, ఒక్కసారైనా బాగుందన్నారా అన్నయ్యా? తీరా చూస్తే మీరే..." అని మాట మింగేశాడు. ఎదురుగా అద్దంలోంచి రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నాది చదివి వద్దన్నారు. ఎప్పుడో. ఆవిడ ఎందుకు నేర్చుకుంటుందో తెలీడం లేదట. అత్తయ్యగారి ముందు చెప్పలేక ఊరుకున్నాను."

ఎన్నాళ్ళుగానో రగులుతున్న అద్దాలాయన కడుపు ఒక్కసారి చల్లబడింది. చల్లబడినందుకు సిగ్గేసింది కూడా. వద్దన్నారని దిగులుగా చెప్తున్నవాడి పక్కన కూర్చుని సంతోషిస్తున్నాడు మరి.

"దండగన్నారుగా మీరు? మరెందుకు కట్టారు?"

"దండగే. కానీ ఇది ఎవరి కథ అని ఎవరో ఒకరు అడగాలిగా. ఇంట్లో మనల్ని ఎవరడిగారు?"

"అయితే ఆవిడ ఎందుకు నేర్చుకుంటుందని చెప్పారు?"

అద్దాలాయన చెప్పాడు. లారీ డ్రైవరు, బోర్డు, నేల చూపుల భార్య. తోడల్లుడు ఇటు తిరిగి ఒక చూపు చూశాడు. ఆ చూపేమిటో అద్దాలాయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ళూ గడ్డం గీసుకుంటున్నప్పుడల్లా అద్దంలో తనకి కనబడుతున్నదే.

"పేజీలు నా దగ్గరున్నాయి," అన్నాడు తోడల్లుడు చివరికి. "అసలు కీలకం మీ దగ్గరుంది. ఇద్దరం కలిసి రాద్దాం అన్నయ్యా. ఇద్దరి పేర్లూ వేద్దాం."

అంత పెద్దమనసుకి అద్దాలాయన కళ్ళు చెమర్చాయి. చెయ్యి పట్టుకుని, నీ రుణం తీర్చుకోలేను తమ్ముడూ అందామని నోరు తెరిచాడు.

"ఎవరి పేరు ముందు?" అన్నాడు.

తోడల్లుడు బ్రేకు మీంచి కాలు తీయలేదు.

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నా అన్నయ్యా."