ఓళిగ మీద బొగ్గుముక్క

ఇంటర్నెట్ ఇంకా ఇళ్ళలోకి రాక, గంటకింత అని అద్దెకు దొరికే ఆ రోజుల్లో, ఆకలి వేస్తే మనిషి అన్నం తినేవాడు గానీ అన్నానికి ఫోటో తీసేవాడు కాదు. ఆ మంచి అలవాటు చెడిపోవడం నేను దగ్గరుండి చూశాను, చెడగొట్టినవాళ్ళలో నాకూ కాస్త వాటా ఉంది. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో కింద ఎరువుల కొట్టు, పైన ఇంటర్నెట్ సెంటరు ఉండేది. డిగ్రీ ముగించుకుని ఏ ఉద్యోగమూ రాక నేను ఆ పైనున్నదాంట్లో కుదిరాను. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే 'కంప్యూటర్ లైను' అని చెప్పుకునేవాణ్ణి. (ఆ లైనులో నా పని పొద్దున కీబోర్డుల మీద దుమ్ము తుడవడం, సాయంత్రం కాలేజీ పిల్లలు కూర్చున్న అరల దగ్గరికెళ్ళి గట్టిగా దగ్గడం.)

మధ్యాహ్నాలు గిరాకీ ఉండేది కాదు. ఆ ఖాళీలో నేనొక తెలుగు వంటల గ్రూపులో చేరాను. వంట మీద ప్రేమతో కాదు, నేను జన్మలో కాచింది టీ ఒక్కటే, అదీ విరిగిపోయింది. కానీ ఆ గ్రూపులో ఎవరేం పెట్టినా పదిమంది చేరి 'ఆహా' అనేవాళ్ళు. నంద్యాలలో నన్ను చూసి ఆహా అన్న మనిషి అప్పటికి ఎవరూ లేరు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కి రాసుకునే ఆ గ్రూపు మీద, ఏదో చలిదేశంలో ఉండే ఒక పెద్దావిడ పెత్తనం చేసేది. అందరం ఆమెను మోడరేటరమ్మ అనేవాళ్ళం. ఆమె చట్టంలో ఫోటో లేని వంట వంటే కాదు. ఒకరు వంట పెడితే మిగతావాళ్ళు దాన్ని ఇంట్లో చేసి, 'చేసి చూశాం' అని మళ్ళీ ఫోటో పెట్టాలి. (చాలామంది బెల్లం బదులు చక్కెర, నెయ్యి బదులు నూనె, శెనగపప్పు బదులు డబ్బాలో ఏముంటే అది వేసి, 'మీరు చెప్పినట్టే చేశాను, ఎందుకో అంత బాగా రాలేదు' అని రాసేవాళ్ళు.)

నాకు వంట రాకపోయినా, ఆళ్ళగడ్డలో మా మేనత్త ఉంది. ఓళిగలు చేయడంలో ఆమెకు సాటి లేదు. కోస్తావాళ్ళు బొబ్బట్లంటారే, అవే, కానీ అత్త చేతిలో అవి అరిటాకంత పల్చగా సాగి, లోపలి పూర్ణం బయటికి కనిపించీ కనిపించనట్టు ఉండేవి. ఊళ్ళో నిశ్చితార్థమైనా, సీమంతమైనా ఆమెకే కబురొచ్చేది. అంత పేరున్న అత్తకు ఒకటే బాధ. ఆమె తోడికోడలు, అంటే మా చిన్నత్త, గోడ అవతలి భాగంలోనే ఉండేది, కనిపించిన ప్రతివాళ్ళతోనూ "ఆ ఓళిగలు నేను నేర్పించినవే, అక్కకు అంతకుముందు పిండి తడిపేది గూడా తెల్దు" అనేది. ముప్పొద్దులా వినిపించే ఆ మాటకు అత్త లోలోపల ఉడికిపోయేది.

ఒక ఆదివారం నంద్యాలలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే అన్న దగ్గర డిజిటల్ కెమెరా బతిమాలి తీసుకుని, ఆళ్ళగడ్డ బస్సెక్కాను. అత్త అప్పుడే పెనం మీంచి తీసిన ఓళిగలను స్టీలు పళ్ళెంలో పేర్చి నా ముందు పెట్టింది. నేను పళ్ళాన్ని కింద బండల మీద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ కెమెరా తిప్పసాగాను.

"ఏందిరా అల్లుడా, తినేది ఇడ్సిపెట్టి ఫోటో తీస్తాండావ్?"

"నెట్లో పెట్టేకి అత్తా. దేశదేశాల వాళ్ళు చూస్తారు."

"చూసి?"

"శానా బాగుందంటారు."

"తినకుండానే?"

నేను గబగబా కెమెరా కంటికి ఆనించుకున్నాను. అత్త కట్టెలపొయ్యి దగ్గరికెళ్ళి, ఆరిపోయిన బొగ్గు ఒకటి ఏరి తెచ్చి, అన్నిటికంటే పైనున్న ఓళిగ మీద సరిగ్గా నడుమ పెట్టింది.

"అత్తా, ఫోటో చెడిపోతాది!"

"చెడిపోతే పోనీ. నెయ్యి వేసిన తిండి గడప దాటితే బొగ్గు పెట్టల్ల. ఎదురింటికి పంపితేనే పెడ్తాం గదరా, నువ్వు సముద్రాలు దాటిస్తాంటివి. అంతమంది నోట్లో నీళ్ళూరితే ఆ దిష్టి యాడికి పోతాది? నా చేతులకే గదా తగిలేది!"

తర్కంలో నాకెక్కడా సందు దొరకలేదు. బొగ్గుతోనే ఫోటో తీశాను, తయారీ అత్త చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను, మర్నాడు రెండూ గ్రూపులో పెట్టాను.

నేనేది పెట్టినా రాని ఆదరణ ఆ రోజు వచ్చిపడింది. ముందు అందరూ కిందనున్న బండను మెచ్చుకున్నారు. 'ఆ బూడిదరంగు బ్యాక్‌గ్రౌండ్ ఎంత నేచురల్‌గా ఉందో, ఆన్‌లైన్‌లో కొన్నారా?' అని ఒకావిడ అడిగింది. అది బేతంచెర్ల నాపరాయని, లారీలో వచ్చిందని, దాని మీద మేం పడుకుంటామని రాశాను. తర్వాత అందరి కళ్ళూ బొగ్గు మీద పడ్డాయి. చాక్లెట్ అని ఒకరు, కాల్చిన అంజీర అని ఇంకొకరు పందెం వేసుకున్నారు. నేను వెంటనే ఉన్నమాట రాశాను: 'అది బొగ్గండీ. దిష్టి తగలకుండా పెడతారు. తినేది కాదు.'

ఆ ముక్కతో గ్రూపు రెండుగా చీలింది. ఈ కాలంలోనూ దిష్టేమిటి, సిగ్గు లేదా అని సగంమంది నన్ను ఉతికారు. మన సంప్రదాయాన్ని అవమానిస్తారా అని మిగతా సగం వాళ్ళను ఉతికారు. (నా పక్షాన మాట్లాడినవాళ్ళు కూడా నేను రాసింది చదవలేదని నాకు నెమ్మదిగా అర్థమైంది.) చివరికి మోడరేటరమ్మ తీర్పు చెప్పింది. 'బొగ్గుకు విషాన్ని పీల్చే గుణం ఉంది. శెనగపప్పు వాతం చేస్తుంది కాబట్టి మన పూర్వీకులు ఓళిగకు బొగ్గు జోడించారు. మామూలు జనానికి సైన్సు చెబితే ఎక్కదని దిష్టి అనే పేరు పెట్టారు. పాపం, వండేవాళ్ళకు కారణం తెలియదు, మనకు తెలుసు.' దాని కింద నమస్కారాల వరద. అది తినేది కాదని నేను మళ్ళీ రాశాను, 'మీరు చిన్నవారు, తెలుసుకుంటారు' అని ఆమె జవాబిచ్చింది.

ఆ వారమంతా 'చేసి చూశాం'లు వచ్చాయి. ఒకాయన మాంసం కాల్చే బొగ్గును సబ్బుతో కడిగి ఓళిగ మీద పెట్టి, 'పొగవాసన దివ్యంగా వచ్చింది' అన్నాడు. అపార్ట్‌మెంట్లో బొగ్గు దొరకని ఒకావిడ బ్రెడ్డును మాడ్చి ఆ ముక్క పెట్టింది. అందరినీ మించిన ఇంకొకావిడ బొగ్గును మిక్సీలో పొడి చేసి పూర్ణంలోనే కలిపేసింది. ఆ ఫోటో లారీ టైరుకు వేసిన అతుకులా ఉంది. 'పిల్లలు తినలేదు, ఈ తరానికి మన రుచులు నచ్చవు' అని కింద రాసుకుంది. నాకైతే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

అంతలో మోడరేటరమ్మ గ్రూపులోని మంచి వంటలతో తెలుగులో పుస్తకం అచ్చు వేస్తున్నానని ప్రకటించి, మా ఓళిగలకు చోటిచ్చింది. ఆమె ముందుగా పంపిన పేజీని ప్రింటు తీసుకుని ఆళ్ళగడ్డకు పరుగెత్తాను. పైన పెద్దక్షరాల్లో అత్త పేరు, ఇంటిపేరుతో సహా. అత్త చెయ్యి కొంగుకు తుడుచుకుని ఆ అక్షరాలను వేలితో నిమిరింది. "అచ్చులో పడినాక ఇంక అది ఏం మాట్లాడతాది?" అని గోడవైపు చూసి, చిన్నపిల్లలా నవ్వింది. అంతటి నవ్వు ఆమె ముఖంలో నేను ఎప్పుడూ చూడలేదు. "మిగతాది చదువు" అంది. చదివాను. శెనగపప్పు, బెల్లం, మైదా, నెయ్యి, యాలకులు, చివర్లో 'బొగ్గు, ఒక ముక్క'.

"ఏందీ?"

మళ్ళీ చదివాను.

"మేం బొగ్గు తింటామని రాసినారా? నా పేరు కిందనా? తీసేయమని చెప్పు!"

ఆ సాయంత్రమే నంద్యాలకు తిరిగొచ్చి మోడరేటరమ్మకు రాశాను. జవాబు తొందరగానే వచ్చింది. బొగ్గే ఈ వంటకు ప్రాణం, అది తీసేస్తే ఇవి మామూలు బొబ్బట్లు, పుస్తకంలో బొబ్బట్లు ఇప్పటికే చాలా ఉన్నాయి, ఉంచితే బొగ్గుతో ఉంచుతాం, లేదా వంట మొత్తం తీసేస్తాం, ఆలోచించి చెప్పండి. ఓళిగను చేసిన మనిషి కంటే ఓళిగ గురించి చదివిన మనిషి గొప్పదని నాకు అప్పుడే తెలిసింది.

మళ్ళీ బస్సెక్కి వెళ్ళి అత్తకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. బొగ్గుతో పాటు పేరు, లేదంటే పేరే లేదు. అత్త చేటలో శెనగపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నేనూ పక్కన కూర్చుని రాళ్ళు ఏరసాగాను. లేనిపోని ఆశ పెట్టింది నేనే కదా. సరిగ్గా అప్పుడే గోడ అవతల చిన్నత్త ఎవరితోనో అంటున్న మాట తేటగా వినిపించింది: "మా అక్క ఓళిగలు పుస్తకంలో వస్తాండాయంట. వచ్చేది నేను నేర్పించిందే!"

అత్త చేట కింద పెట్టింది. ఒక్క నిమిషం గోడవైపే చూసింది.

"అల్లుడా, నా పేరు తీసి దాని పేరు పెట్టు."

"అత్తా!"

"అదే నేర్పించింది గదా. బొగ్గుతో సహా పెట్టు."

చిన్నత్త పేరుతో, బొగ్గుతో సహా పుస్తకం వచ్చింది. చిన్నత్త తన పేరు చూసుకుని ఉబ్బితబ్బిబ్బైపోయి, ఇంటింటికీ తీసుకెళ్ళి చూపించింది. తన పేరు తప్ప మిగతాదేదీ ఆమె చదవలేదు. మిగతావాళ్ళు చదివారు. కొన్నాళ్ళకు వీధిలో ఒకరు కూతురి నిశ్చితార్థానికి ఓళిగలు చెప్పడానికి వచ్చి, మా అత్త ముందే చిన్నత్తను గౌరవంగా అడిగారు: "అమ్మా, బొగ్గు మీరే తెస్తారా, మేం తెప్పించల్లనా?" చిన్నత్త ముందు తెల్లబోయింది, తర్వాత పుస్తకం తెప్పించి చూసింది, ఆ పైన ఒక్క క్షణం కూడా తడబడకుండా, "అది మా అవ్వకాలం నుంచి ఉండేదేప్పా, వాతానికి మంచిది, మీకు తెల్దు" అంది. (మోడరేటరమ్మను ఆమె జన్మలో చూడలేదు. అయినా ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నట్టుంది.) వచ్చినవాళ్ళు భయపడిపోయి, ఓళిగలు మా అత్తకే చెప్పి వెళ్ళారు. నేర్పించిన మాట ఆ గోడ అవతల నుంచి మళ్ళీ వినిపించలేదు.

అంతా అయ్యాక అత్త ఒకరోజు పుస్తకం తెమ్మని, ఆ పేజీ చాలాసేపు చూసింది. "ఫోటో నాదే గదరా?" అంది. నీదే అన్నాను. "బొగ్గు బాగా కనపడ్తాందా?" కనపడ్తాంది అన్నాను. "అయితే సరే," అని మూసేసింది గానీ, మూసేముందు పేరున్న చోట వేలు ఒకసారి ఆగింది. అది చూసి నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు అత్తకు చేతులు సాగవు. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు పక్కనే కూర్చుని చెబుతుంటే మా ఆవిడ ఓళిగలు చేసింది. నేను ఫోన్లో ఫోటో తీసి, పైన అత్త పేరు, ఇంటిపేరుతో సహా రాసి చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చదువుకుంది, రెండోసారి కూడా చదువుకుంది. "బొగ్గు యాడరా?" అంది. గ్యాస్ పొయ్యి ఉన్న ఇంట్లో బొగ్గెక్కడిది? వెతికి వెతికి ఫ్రిజ్జులోంచి ఒక నల్లద్రాక్ష తీసి ఓళిగ నడుమ పెట్టి, మళ్ళీ ఫోటో తీసి నెట్లో పెట్టాను. అత్త ఒప్పుకుంది.

కాసేపటికి ఆ ఫోటో కింద ఎవరో అడిగారు, ఆ ద్రాక్ష ఎందుకని. దిష్టి తగలకుండా అని నిజమే రాశాను. ఆ వెంటనే ఇంకెవరో ముక్కూమొహం తెలియని మనిషి, ద్రాక్షలో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని, మన పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసని, పాపం వండేవాళ్ళకే కారణం తెలియదని రాశాడు. ఒకప్పుడైతే ఆళ్ళగడ్డ బస్సెక్కేంత కోపం వచ్చేది. ఇప్పుడు ఆయనకొక లైకు కొట్టి, ఆ ద్రాక్ష తీసి నోట్లో వేసుకున్నాను.